ఏడో టేకు

వంటగది బల్ల దగ్గర నుంచి,
సోమవారం ఉదయం

ఆడపడుచు గారికి వదిన రాసేది,

మీ అన్నయ్యకి పిచ్చి పట్టింది. కంగారు పడకు, మంచి పిచ్చే. నిన్న జోరున వాన పడుతుంటే నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని డ్రైవింగ్ స్కూల్‌కి వెళ్ళారు. మీ దగ్గర కారు నేర్చుకునేవాళ్ళు జడుసుకుంటారండీ అంటే, "అలవాటు చేసుకోనీ" అన్నారు.

సంగతేమిటంటే, ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట ఆయనా, ముగ్గురు స్నేహితులూ కలిసి వేసిన రాక్ రికార్డు గుర్తుంది కదా. ఎవరూ కొనక రెండు అట్టపెట్టెల నిండా మా మంచం కింద మిగిలిపోయింది చూడు, అదే. ఇప్పుడది డీలక్స్ ఎడిషన్‌గా వస్తోంది. నేను నవ్వలేదు, నువ్వూ నవ్వకు. పాత రికార్డుల్ని తవ్వి తీసి, అందమైన పెట్టెల్లో పెట్టి మళ్ళీ విడుదల చేసే చిన్న కంపెనీ ఒకటి ఉంది. మనవాళ్ళ రికార్డు ఏ పాత సామాన్ల కొట్లోనో ఎవరి చేతికో చిక్కిందట. వాళ్ళు విని ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి వినిపించుకుంటూ పోగా ఇప్పుడు దానికో అభిమానుల గుంపు తయారైందట. ఒక్క పాత కాపీ దొరికితే చాలని తిరుగుతున్నారట. మనం ఇల్లు మారినప్పుడు గోడ చెమ్మకి అడ్డంగా నిలబెట్టి మొత్తం పాడుచేసింది నేనేనని వాళ్ళకి ఇంకా చెప్పలేదు.

అసలు రికార్డు ముప్ఫై నాలుగు నిమిషాలు. దానికి ఆరు డిస్కులు వేస్తున్నారు. వద్దని పక్కన పడేసిన టేకులు, మధ్యలో మాటలు, దగ్గులు, శ్రుతి చేసుకోవడాలు, అన్నీ. ఇవి చాలనట్టు ఒక పోస్టరు, అరవై పేజీల పుస్తకం. ఆ పుస్తకం పని నా మెడకి చుట్టారు. ముప్ఫై ఏళ్ళుగా అచ్చాఫీసులో అందరి తప్పులూ దిద్దుతున్న ప్రూఫ్ రీడర్ని ఇంట్లోనే పెట్టుకుని బయటివాళ్ళని వెతకడం ఎందుకని మీ అన్నయ్య సలహా.

అందరూ అడిగేది 'గాజు మెట్లు' పాట గురించే. అందులో ఒకటిన్నర నిమిషం గిటారు సోలో ఉందే, దాని మీద అభిమానులు పేజీలకి పేజీలు రాసుకున్నారు. మీ అన్నయ్య వాటిని నాకు చదివి వినిపిస్తున్నారు, భోజనానికి ముందొకసారి, తర్వాతొకసారి.

ఆ రోజుల్లో నువ్వు స్టూడియోకి వెళ్ళేదానివట కదా. అప్పటికి నేనింకా మీ ఇంటికి రాలేదు. ఏం జరిగిందో, ఎలా రికార్డు చేశారో నాలుగు పేజీలు రాసి పంపు. ఫోన్లో వద్దు, ఇక్కడ ఎవరు ఫోన్ ఎత్తినా ఆయన చెవి మధ్యలో ఉంటోంది.

నీ వదిన

* * *

పళ్ళ ల్యాబ్ నుంచి,
శుక్రవారం, మధ్యాహ్నం భోజనం వేళ

వదినకి,

నీ ఉత్తరం చదువుతూ నవ్వి నవ్వి ఒక పెద్దాయన కింది పళ్ళ సెట్టు చేజార్చాను. ముందు పన్ను విరిగింది. అన్నయ్యకి ఆ రికార్డు పెట్టె ఎంత ముఖ్యమో ఆ పెద్దాయనకి ఆ పన్ను అంత ముఖ్యం, కాబట్టి ఇవాళంతా దాన్ని అతికించే పనిలోనే ఉంటాను.

నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. డ్రమ్మరుకి తెలుసా? బేసు వాయించే ఆయన బతికే ఉన్నాడా? పాటలు పాడినాయనకి ఇంకా జుట్టుందా? అప్పట్లో ఆ జుట్టు కోసమే బ్యాండులోకి తీసుకున్నారు, గొంతు చూసి కాదు. పోస్టరు మీద ఎవరి మొహం వేస్తున్నారు? నలుగురిదీ వేస్తే కొట్టుకుంటారు, ఎవరిదీ వెయ్యకపోతే నలుగురూ కలిసి కంపెనీని కొడతారు.

నాలుగు పేజీలు రాయమన్నావు. నాకంత గుర్తు లేదు వదినా. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. టీ ఫ్లాస్కు మోసుకెళ్ళేదాన్ని, ఖాళీ ఫ్లాస్కు మోసుకొచ్చేదాన్ని. ఒక రేకుల షెడ్డు, గోడలకి పాత పరుపులు కొట్టి ఉండేవి. రికార్డు చేసే ఇంజనీరు గారు అందర్నీ అన్న, చెల్లి అని పిలిచే మంచి మనిషి, ఇప్పుడు లేరు. ఇంతకంటే నా దగ్గర సరుకు లేదు.

ఒక్క మాట అడుగుతాను. ఆరు డిస్కులు మరీ ఎక్కువ కాదూ? పారేసిన టేకులు వినాలని ఎవరికుంటుంది? నేను చెడగొట్టిన పళ్ళ సెట్లన్నీ అద్దాల బీరువాలో పెట్టి జనానికి చూపిస్తానా? మంచి పాటలు ఎనిమిదీ వేసి, పుస్తకం ఇచ్చి ఊరుకోమను. ఆ కంపెనీ వాళ్ళకి నువ్వు చెప్తే వింటారు.

అన్నయ్య కళ్ళద్దాల ఫోటో ఒకటి పంపు.

నీ ఆడపడుచు

* * *

టేపుల డాక్టరు గారి గది నుంచి,
బుధవారం

ఆడపడుచు గారికి,

టేపులు బాగుచేసే ఆయనకి మీ అన్నయ్య పెట్టిన పేరు టేపుల డాక్టరు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. పాత టేపుల మీది జిగురు చెమ్మ పీల్చి ముద్దయిపోతుందట. అలాగే తిప్పితే పాటంతా పొట్టులా రాలిపోతుందట. అందుకని వాటిని పళ్ళు ఎండబెట్టే యంత్రంలో పెట్టి, సన్నటి వేడి మీద ఎనిమిది గంటలు ఉంచారు. నీ పళ్ళు కాదు, తినే పళ్ళు. మీ అన్నయ్య ఆ ఎనిమిది గంటలూ యంత్రం పక్కనే కుర్చీ వేసుకుని కూచున్నారు, ఆపరేషన్ థియేటరు బయట కూచున్నట్టు. "మాడుతున్న వాసన వస్తోందా?" అని డాక్టరు గారిని పదిసార్లు అడిగారు.

టేపు డబ్బాల మీద మీ ఇంజనీరు గారి రాత ఉంది. 'గాజు మెట్లు' మొదటి మూడు టేకులూ సోలో లేని వట్టి పాటవి. సోలో టేకులకి ఇలా రాశారు: నాలుగు - అ. అయిదు - అ. ఆరు - అ. ఏడు - చె. 'అ' అంటే అద్భుతం, 'చె' అంటే చెత్త అని మీ అన్నయ్య తేల్చారు. డాక్టరు గారు గొంతు సవరించుకుని, "సార్, రికార్డులో వేసింది ఏడోదే" అన్నారు. మీ అన్నయ్య, "ఇంజనీరుకి చెవుల్లో తేడా ఉండేది" అని పాఠం చెప్పే టైమైందని వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక అసలు పని మొదలైంది. ఆ సోలోలో రెండో సగంలో నాలుగుసార్లు 'టిక్' అని ఒక శబ్దం వస్తుంది. అభిమానులకి అదొక పెద్ద వివాదం. తీగకి గోరు తగిలిందని ఒక వర్గం, కుర్చీ కిర్రుమందని ఇంకో వర్గం. పుస్తకంలో తేల్చి రాయమని కంపెనీ వాళ్ళు అడిగారు. డాక్టరు గారు డ్రమ్స్ తీసేసి, బేసు తీసేసి, గిటారు ఒక్కటీ ఉంచి హెడ్‌ఫోన్లు నా తలకి పెట్టారు.

అది గోరు కాదు. కుర్చీ కాదు. ఎక్కిళ్ళు.

మా పెళ్ళి ఫోటో తీసేటప్పుడు నా వెనక నుంచొని నువ్వు పెట్టిన ఎక్కిళ్ళు. నువ్వు పరీక్ష పాసైన రోజు, నీకు కూతురు పుట్టిందని ఫోన్ చేసిన రోజు విన్న ఎక్కిళ్ళు. సంతోషమొస్తే ప్రపంచంలో అలా ఎక్కిళ్ళు పెట్టే మనిషిని నేను నిన్నొక్కదాన్నే చూశాను.

సోలో అయిపోయాక గిటారు కింద పెట్టిన చప్పుడు, ఒక ఆడపిల్ల నవ్వు, "తప్పు పోయిందండీ, తుడిచెయ్యండి" అన్న మాట. టేపు అక్కడితో ఆగింది.

డాక్టరు గారు నా మొహం చూసి హెడ్‌ఫోన్లు తీసుకున్నారు. ఇప్పుడు నిన్నడుగుతున్నాను, వాయించింది నువ్వేనా? కళ్ళ ముందు తప్పు కనిపిస్తుంటే ప్రూఫు పాస్ చెయ్యడం నాకు చేతకాదు.

వదిన

* * *

ల్యాబ్ నుంచి,
శనివారం

వదినకి,

దొరికిపోయాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు నోరు మూసుకుంటే ఎక్కిళ్ళు పట్టించాయి.

అన్నయ్య కాలేజీకి వెళ్ళగానే వాడి మంచం కింది గిటారు తీసి, తలుపు గడియ పెట్టుకుని వాయించేదాన్ని. మూడేళ్ళు. ఇంట్లో ఎవరికీ తెలియదు. రేడియో అనుకునేవారు.

ఆ రోజు అన్నయ్యకి నూట మూడు జ్వరం. షెడ్డు మర్నాటికి ఖాళీ చెయ్యాలి, సోలో ఒక్కటే మిగిలింది. దుప్పటి కప్పుకుని మూడు టేకులు వాయించాడు. ఏదీ కుదరలేదు. మూడోది అయ్యాక సోఫా మీద వాలి అలాగే నిద్రపోయాడు. మిగతా వాళ్ళు భోజనానికి వెళ్ళారు. ఇంజనీరు గారు నీరసంగా కూచుని, "చెల్లీ, నీకేమైనా వచ్చా?" అని ఊరికే అన్నారు. ఎప్పుడూ ఎవరూ అడగని మాట అది. నాకు అప్పుడే ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

ఒక్కసారే వాయించాను. నేనేం వాయిస్తున్నానో నాకే తెలియలేదు వదినా. మెట్లు దిగుతుంటే కింద ఇంకో మెట్టు ఉంటుందనే ధైర్యంతో కాలు వేస్తాం చూడు, అలా. ఆ తర్వాత జీవితంలో చాలా బాగున్న రోజులు చూశాను, కానీ ఆ ఒకటిన్నర నిమిషంలా ఏదీ లేదు.

అన్నయ్య లేచాక చెప్పి నవ్వుకుందామనుకున్నాం. లేచాడు. ఇంజనీరు గారు టేపు వేశారు. అన్నయ్య నేల మీద కూలబడి విన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు. "ఇది నేనేనా? జ్వరంలో ఇలా వాయించానా?" అన్నాడు. ఇంజనీరు గారు నా వైపు చూశారు. నేను వద్దని తల ఊపాను. అప్పుడు చెప్తే వాడి మొహం ఎలా మారుతుందో చూడలేననిపించింది. రేపు చెప్దామనుకున్నాను. తర్వాత ఎల్లుండి.

'అ' అంటే అద్భుతం కాదు, అన్న. 'చె' అంటే ఏమిటో నీకు తెలిసే ఉంటుంది.

ఇప్పుడు నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పకు. ఆ అరవై పేజీలూ, ఆ కళ్ళద్దాలూ, అన్నీ ఆ ఒకటిన్నర నిమిషం మీదే నిలబడ్డాయి. ఆ టేకులున్న డిస్కు తీసేయమను. ఆ శబ్దం కుర్చీదని రాసెయ్యి.

నీ ఆడపడుచు

* * *

వంటగది బల్ల దగ్గర నుంచి,
మంగళవారం

ఆడపడుచుకి,

నీ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచాను. ఆయన వెతకని చోటు ఇంట్లో అదొక్కటే.

నీ సగం నువ్వు చెప్పావు. నా దగ్గరున్న సగం విను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

మా పెళ్ళయిన ఏడాది నువ్వు పళ్ళ సెట్ల పని నేర్చుకోవడానికి వేరే ఊరు వెళ్ళావు. ఆ ఏడాది ఎనిమిది నెలలపాటు ఆయన ప్రతి సాయంత్రం గదిలో కూచుని ఆ సోలో వాయించడానికి ప్రయత్నించారు. రికార్డు పెట్టేవారు, ఆపేవారు, వాయించేవారు. స్వరాలన్నీ వచ్చేవి. కానీ అది రాదు. నాకు సంగీతం తెలియదు, నాకే తెలిసేది అది రావట్లేదని. అప్పుడే రెండో రికార్డు వేద్దామని మిగతా ముగ్గురూ వచ్చారు. జనం ముందు 'గాజు మెట్లు' వాయించమంటారని భయపడి ఈయన తిప్పి పంపేశారు. తనకి ఆసక్తి లేదని చెప్పారు వాళ్ళకి. నాతో మాత్రం, "ఒకసారి వచ్చింది, మళ్ళీ రావట్లేదు. చేతిలో ఉన్నదేదో పోయింది" అన్నారు. గిటారుకి గుడ్డ చుట్టి బీరువా పైన పెట్టారు. వారంలో డ్రైవింగ్ స్కూల్లో పనికి చేరారు.

నువ్వేమనుకున్నావు, పెళ్ళయి బాధ్యతలొచ్చి మానేశాడనా? అందరూ అదే అనుకున్నారు. కొందరు నా వల్లే అనుకున్నారు.

ఆయనకి నొప్పి కలగకూడదనే దాచావు, అది నాకు తెలుసు. నిన్ను తిట్టడానికి రాయలేదు. కానీ తనది కానిది తన చేతిలోంచి జారిపోయిందని ఒక మనిషి ఇన్నేళ్ళు బాధపడ్డాడు.

పుస్తకం ఇరవయ్యో తేదీన అచ్చుకి వెళ్తుంది. నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వు.

వదిన

* * *

ల్యాబ్ నుంచి,
గురువారం

అన్నయ్యకి,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా డ్రైవింగ్ స్కూలుకి పంపుతున్నాను. కారు ఆపి చదువు.

'గాజు మెట్లు' సోలో నువ్వు వాయించలేదు. నేను వాయించాను. నువ్వు నిద్రపోతున్నావు. నీ గిటారు మీద మూడేళ్ళు నీకు తెలియకుండా నేర్చుకున్నాను. తీగలు ఊరికే తెగిపోతున్నాయని నువ్వు కొట్టువాడితో పోట్లాడేవాడివి, అవన్నీ నేను తెంపినవే. టేపులో ఆ 'టిక్' నా ఎక్కిళ్ళు.

మర్నాడే చెప్పాలనుకున్నాను. నువ్వు ఆ సోలో వల్లే వాయించడం మానేశావని నాకు మొన్న తెలిసింది. అంతకు ముందు తెలిస్తే పరిగెత్తుకొచ్చి చెప్పేదాన్ని. నీ చేతుల్లోంచి ఏమీ పోలేదు. అవి అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉండుంటాయి.

ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు. రెండు పేజీలకి మించితే విడిగా కవర్లో పెట్టు.

చెల్లాయి

* * *

ఇంటి నుంచి, మేడమెట్ల మీద కూచుని,
ఆదివారం

ఆడపడుచు గారికి,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు, లోపల అంత గోలగా ఉంది.

కారు ఆపి చదవమన్నావు కదా. మీ అన్నయ్య కారు ఆపలేదు. స్టీరింగు దగ్గర బ్యాంకు మేనేజరు గారున్నారు, ఆవిడకి అది మూడో పాఠం. పక్క సీట్లో కూచుని చదివారట. చదివి, "కుడికి తిప్పండి" అన్నారట. ఆవిడ తిప్పారు. మళ్ళీ "కుడికి" అన్నారట. అలా ఒకే వీధి చుట్టూ ఆరుసార్లు తిరిగాక ఆవిడే, "మేష్టారూ, పెట్రోలు అయిపోతుందేమో" అన్నారట.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ మధ్యాహ్నమంతా కోపంగానే ఉన్నారు, అబద్ధమెందుకు. "ఇంట్లో అందరికీ తెలుసా? నేనొక్కడినేనా వెర్రివాణ్ణి?" అని నన్నడిగారు. నాకు పది రోజులుగా తెలుసన్నాను. "పది రోజులు బాగానే నటించావు" అన్నారు.

సాయంత్రం టేపుల డాక్టరు గారి గదికి తీసుకెళ్ళాను. నాలుగు, అయిదు, ఆరు విన్నారు. తర్వాత ఏడు. నాలుగు ఎక్కిళ్ళూ విన్నారు. నీ నవ్వు, "తుడిచెయ్యండి" అన్న మాట విన్నారు. అప్పుడు మొదలైంది నవ్వు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత కుర్చీలోంచి జారారు. డాక్టరు గారు మంచినీళ్ళు తెచ్చారు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేను చెడిపోయాననుకున్నానే" అన్నారు. "నేనెప్పుడూ అంత బాగా వాయించలేదన్నమాట. ఎంత హాయిగా ఉందో నీకు తెలియదు. పోయిందనుకుని వెతుకుతున్నాను, అసలు ఉంటే కదా పోవడానికి."

తర్వాత డాక్టరు గారు ఊరుకోకుండా సోలో తీసేసి, దాని కింద మీ అన్నయ్య వాయించిన తాళం గిటారు, అదే రిథమ్ గిటారు, ఒక్కటీ వినిపించారు. పాట మొదటి నుంచి చివరి దాకా దాన్ని మోసింది అదేనట. "సార్, ఇది లేకపోతే పైన ఎవరు ఏం వాయించినా కూలిపోతుంది" అన్నారు. ఆ మాట తక్కువ మనిషి నోట అంత పెద్ద వాక్యం నేను మళ్ళీ వినలేదు. మీ అన్నయ్య దాన్ని మూడుసార్లు పెట్టించుకున్నారు.

ఇంటికి రాగానే స్టూలు ఎక్కి బీరువా పైనుంచి గిటారు దించారు. తీగలు తుప్పు. మర్నాడు పాఠాలన్నీ మానేసి కొత్తవి వేయించుకొచ్చారు. ఇప్పుడు లోపల డ్రమ్మరు గారు, బేసు ఆయన, పాటగాడు (జుట్టు లేదు) ముగ్గురూ ఉన్నారు. ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు, మధ్యలో వాయిస్తున్నారు. "అప్పుడే అనుకున్నాన్రా, నీ చేతికి అంత దయ ఎక్కడిదా అని" అన్నారు డ్రమ్మరు గారు. మీ అన్నయ్య మళ్ళీ కుర్చీలోంచి జారారు.

పుస్తకంలో నలభై రెండో పేజీ మార్చాం. అచ్చులో ఇలా ఉంటుంది: 'గాజు మెట్లు' సోలో గిటారు, ఎక్కిళ్ళు, అని రాసి పక్కన నీ పేరు. ఎక్కిళ్ళు అని పెట్టాల్సిందేనని మీ అన్నయ్య పట్టు. ప్రూఫు నేనే పాస్ చేశాను.

వదిన

* * *

డ్రైవింగ్ స్కూలు షెడ్డు నుంచి,
శనివారం

చెల్లాయికి,

ఉత్తరం రాయడం నాకు అలవాటు లేదు. మీ వదిన పక్కనే కూచుని ఎర్ర పెన్ను పట్టుకుని చూస్తోంది, అందుకని ఇంకా భయంగా ఉంది.

పోయిన వారం రికార్డు కొట్టులో పెట్టె విడుదల చేసిన రోజు నువ్వు రైలుకి టైమైందని హడావిడిగా వెళ్ళిపోయావు కదా. నువ్వు వెళ్ళాక జరిగింది చెప్పాలి. పాతికేళ్ళ కుర్రాళ్ళు, మన వయసు వాళ్ళు, అందరూ కలిపి నలభై మంది, గోరు వర్గం, కుర్చీ వర్గం, గంటసేపు కదల్లేదు. అందరికీ నీ సంతకమే కావాలి. నేను పెట్టనా అంటే, "మీరు తాళం గిటారు సార్ కదా, మీది కూడా పెట్టండి, పైన ఆవిడకి చోటు వదిలి, కింద" అన్నారు ఒకాయన. పెట్టాను. కిందే పెట్టాను. ఇంత సంతోషంగా నేనెప్పుడూ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

కోపం ఉందా అని ఆ రోజు నువ్వు అడగలేకపోయావు, నాకు తెలిసింది. ఒక్క విషయానికి ఉంది. మూడేళ్ళు తలుపు గడియ వేసుకుని వాయించావు చూడు, దానికి. ఒక్కసారి గడియ తీసుంటే మనది అయిదుగురి బ్యాండు అయ్యేది.

కంపెనీ వాళ్ళు రెండోసారి అచ్చు వేస్తున్నారు. దానికి ఒక కొత్త పాట కావాలన్నారు. నేను రాశాను. అరవై రెండేళ్ళకి మొదటి పాట. పాటగాడికి నచ్చలేదు, కాబట్టి బాగుందని అర్థం. ఇక్కడ షెడ్డులో కార్లు బయటపెట్టి సాధన చేస్తున్నాం. బ్యాంకు మేనేజరు గారు పాఠానికి వచ్చి, పాఠం మానేసి వింటున్నారు.

వచ్చే శనివారం పొద్దున రికార్డింగు. టేపుల డాక్టరు గారే ఇంజనీరు. పాట మధ్యలో పదహారు బార్లు, ఒక సోలో పట్టేంత చోటు, ఖాళీగా వదిలాను. కింద నేను తాళం వేస్తూ ఉంటాను. ఏం వాయిస్తావో ముందుగా నాకు చెప్పకు. అక్కడే వింటాను.

అన్నయ్య